కట్ట మధ్యలో నార

జూన్ 3

ఈ పుస్తకాన్ని కాస్టిక్ సోడా డబ్బాల వెనక దాస్తున్నాను. ఈ షెడ్డులో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. బావగారికి ఆ డబ్బాలంటే భయం. మా ఆయనకు వంగాలంటే బద్ధకం.

ఈ రోజు నలభై కిలోల అరటి నారను ఒక్క రోజులో కాస్టిక్ నీళ్ళలో నానబెట్టి, కడిగి, దండేల మీద ఆరేశాను. మామూలుగా అది మూడు రోజుల పని. పొద్దున్నే బావగారు పనివాళ్ళందరి ముందు అందుకున్నారు. "అమ్మాయ్, మిషను ఒక్క పూటలో తీసిన నారకి నువ్వు మూడు రోజులు స్నానం చేయిస్తావేంటి? పెళ్ళికూతురిక్కూడా అంతసేపు పట్టదు." అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నాకు మండింది ఆ నవ్వుకే.

"సాయంత్రానికి మొత్తం దండేల మీద ఉంటుంది, చూసుకోండి" అన్నాను.

ఉంది. వచ్చి చూశారు. ఏమీ అనలేదు. అన్నయ్య ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టేనని మా ఆయన సర్దిచెప్పబోయారు. మెచ్చుకోనక్కర్లేదు, పదిమందిలో పరాచికాలాడకుండా ఉంటే చాలు.

నడుం విరిగిపోతోంది. కానీ సంతోషంగా ఉంది. ఒప్పుకుంటున్నాను, చాలా సంతోషంగా ఉంది.

జూన్ 5

ఆరున్నర!

చెట్టు బోదెలోంచి తీసిన నార తీసినట్టు ఉంటే, పది పోగులు కలిపి కొక్కేనికి కట్టి పళ్ళెంలో తూకాలు వేస్తూ పోతే, నాలుగు కిలోలకు టప్పున తెగుతుంది. నా నీళ్ళలో మునిగి లేచాక అదే నార ఆరున్నర మోసింది. మూడుసార్లు చూశాను. రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఈ కంపెనీలో నాకంటూ ఉన్నది ఆ సంతకం ఒక్కటే. పేరు బావగారిది, మిషను మా ఆయనది, గేటు తాళంచెవి బావగారి జేబులో.

అమ్మ వెనక గదిలో కూర్చుని నారను వేళ్ళతో విడదీస్తోంది. కళ్ళు సరిగా కనిపించకపోయినా ఖాళీగా ఉండదు. "ఇదేంటే, సబ్బులా జారుతోంది?" అంది. చేతులకు నూనె రాసుకుని ఉంటావన్నాను.

జూన్ 9

తాళ్ళు పేనడం అయిపోయింది. నాలుగు తాళ్ళు. నాలుగూ రంగుల మేస్త్రీవే. పెద్ద బిల్డింగులకు బయటి గోడల రంగు వేసే మనిషి. పైనుంచి తాడుకు పలక కట్టుకుని, దాని మీద కూర్చుని వేలాడుతూ పని చేస్తాడు. నైలాన్ తాడు చెమట చేతుల్లో జారుతోందని, నార తాడైతే పట్టు ఉంటుందని మా దగ్గరికి వచ్చాడు. కనురెప్పల మీద కూడా రంగు చుక్కలుంటాయి. వాటిని ఎప్పుడూ కడుక్కోడో, కడిగినా పోవో.

తాడును భుజం మీద వేసుకుని నన్ను పిలిచాడు. "చెల్లెమ్మా, నిన్నొకటే అడుగుతా. ఇది నన్ను మోస్తుందా?"

"మిమ్మల్నేంటి అన్నయ్యా, మీతో పాటు మీ ఆవిణ్ణి కూడా మోస్తుంది."

"ఆవిడ బరువు నీకు తెలీదులే" అని పకపకా నవ్వాడు. నా రిపోర్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "కంపెనీవాళ్ళ మాట నేను నమ్మను. సంతకం పెట్టిన మనిషిని నమ్ముతా."

జూన్ 10

వాన. మిషను ఆగింది. నిద్రపోయాను.

జూన్ 21

ఆ నలభై కిలోల్లో ఒక కట్ట మిగిలింది. కొత్తగా వచ్చిన ఎవరికో నమూనా చూపించాలంటే, దాన్ని విప్పి మధ్యలోంచి పది పోగులు లాగి కొక్కేనికి కట్టాను.

ఐదుకు తెగింది.

గాలిలో తేమ ఎక్కువగా ఉంది. వారం నుంచి ముసురు కదా.

జూన్ 22

ఐదు కూడా లేదు. నాలుగు ముప్పావు. తేమే.

జూన్ 23

తేమ వల్ల నార బలం పెరుగుతుంది కానీ తగ్గదు. ఎండి పెళుసెక్కితేనే తగ్గుతుంది. ఈ సంగతి పనివాళ్ళకు పాఠం చెప్పినట్టు చెప్పింది నేనే. నిన్న నేనేం రాసుకున్నానో చూడు.

ముడి నారే అలాంటిది అయ్యుంటుంది. ముదర బోదెలు తెచ్చి ఉంటారు. బావగారు ఏది చవగ్గా దొరికితే అది తెస్తారు.

జూన్ 28

మూడు ముప్పావు. అసలేమీ చెయ్యని నారకంటే తక్కువ.

కట్ట పై పొరలోంచి పది పోగులు తీసి కట్టాను. ఆరున్నర. చెక్కు చెదరలేదు. మళ్ళీ మధ్యలోంచి తీశాను. మూడు ముప్పావు.

మధ్య పోగులను గిన్నెలో తడిపి, ఆ నీళ్ళలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచాను. నీలం. సిరా పోసినట్టు నీలం.

కుర్చీలో కూర్చుండిపోయాను. మా ఆయన వచ్చి అన్నానికి పిలిచారు. వెళ్ళి తిన్నాను కూడా. ఏం తిన్నానో అడిగితే చెప్పలేను.

జూన్ 29

రాయాల్సిందే. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

కట్ట పిడికిలిలో ఇమిడేంతే ఉండాలి. అంతకంటే లావుగా కడితే కడిగే నీళ్ళు మధ్యకు వెళ్ళవు. ఆ ముక్కను తొట్ల పక్క గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించింది నేనే. ఆ రోజు మాత్రం తొడ లావున కట్టాను. సాయంత్రంలోపు అవ్వాలి కదా. నలుగురి ముందు మాట అనేశాను కదా. కాస్టిక్ మాత్రం రెండు గంటలు నానేసరికి మధ్యదాకా ఎక్కింది. ఆదరాబాదరా కడగడంతో పైపొర శుభ్రపడింది, లోపలిది లోపలే ఉండిపోయింది. కడిగిన నీళ్ళు బాగున్నాయని చూసుకున్నాను. రిపోర్టుకు పోగులు కూడా పైనుంచే లాగాను. చేతికి అందినవి అవే.

లోపల ఉండిపోయిన కాస్టిక్ ఊరికే ఉండదు. నారను తింటూ ఉంటుంది. వారానికి ఇంత చొప్పున.

ఆ తాళ్ళు ఏడంతస్తుల మీంచి వేలాడుతున్నాయి. వాటి మీద మనుషులున్నారు.

జూలై 1

మా ఆయనకు చెప్పాను. నార గీకే మిషను దంతెలు శుభ్రం చేస్తూ విన్నారు. చెయ్యి ఆపలేదు.

"తాడు తెగిందా?"

"ఇంకా లేదు."

"మరి?"

"తెగుతుందండీ. ఇవాళ కాకపోతే వచ్చే నెల."

"ఒక తాడులో ఎన్ని వేల పోగులుంటాయి? అందులో సగం పోయినా సగం మోస్తుంది. నువ్వు ఊరికే బుర్ర పాడుచేసుకోకు" అన్నారు. అని, గుడ్డ పిండి, మళ్ళీ తుడిచారు. తుడిచిన దంతెనే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నారు. ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు కనిపిస్తే ఏదో ఒకటి చెయ్యాలి కదా.

జూలై 2

బావగారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశారు. అంటే మా ఆయన చెప్పేశారన్నమాట. అన్నదమ్ములు!

గట్టిగా అరుస్తారనుకున్నాను. అరవలేదు. చాలా మెత్తగా మాట్లాడారు.

"రిపోర్టు మీద సంతకం ఎవరిదమ్మా?"

"నాదే."

"తప్పు జరిగిందని నువ్వే రాసిస్తావా? ఇవ్వు. రేపట్నుంచి ఈ షెడ్డు తలుపులు మూసేద్దాం. ఇరవై మంది ఇళ్ళకి పోతారు. నీ మొగుడు ఏం చేస్తాడో నువ్వే చెప్పు. మీ అమ్మగారు ఆ వెనక గదిలో ఉంటున్నారు. నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా? అననుగా. ఇల్లే లేకపోతే గది ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? నువ్వు చదువుకున్నదానివి, నేను చెప్పాలా?"

మెత్తగానే. తలుపు తీసి దారి కూడా ఇచ్చారు. నేను తూకాల లెక్కలు రాసే టెస్టుల పుస్తకాన్ని మాత్రం తన బల్ల సొరుగులో వేసుకున్నారు. అది చూశాను.

జూలై 3

అమ్మ కోసం. నా కోసమైతే ఈపాటికి వెళ్ళిపోయి ఉండేదాన్ని.

జూలై 4

అమ్మ కోసమే.

జూలై 6

బావగారు పనివాళ్ళకు నా ఒంట్లో బాగోలేదని చెప్పారట. కాస్టిక్ తొట్లకు వేరే మనిషిని పెట్టారు. గేటు దగ్గరకు వెళ్తే కాపలా అతను లేచి నిలబడి, "మీరు రెస్టు తీసుకోవాలంట కదమ్మా" అన్నాడు. పాపం, జాలిగా అన్నాడు. వెనక్కి వచ్చేశాను. వస్తూ షెడ్డులోంచి ఈ పుస్తకాన్నీ, మిగిలిన కట్టనూ, కొక్కేన్నీ, తూకాల పళ్ళేన్నీ తెచ్చి మంచం కింద పెట్టుకున్నాను, అక్కడికి కూడా మా ఆయన వంగరు.

గదికి కిటికీ ఒకటే. తీస్తే ఆరేసిన నార. తెల్లగా, నిగనిగలాడుతూ, చూడ్డానికి ఎంత బాగుంటుందో! కిటికీ మూసేశాను.

జూలై 8

ఫోన్ చెయ్యొచ్చు కదా అని నన్ను నేనే అడుగుతున్నాను. మేస్త్రీ నంబరు ఆర్డరు పుస్తకంలో ఉంది. ఆర్డరు పుస్తకం ఆఫీసులో ఉంది. సరే, ఆయన పని చేస్తున్న బిల్డింగు ఎక్కడో తెలుసు కదా? తెలుసు. బస్సులో అరగంట.

కాళ్ళున్నాయి. నోరుంది. ఇంకేం కావాలట?

జూలై 9

ఏమీ జరగలేదు. జరిగితే ఈపాటికి తెలిసేది.

పళ్ళెంలో రెండు ముప్పావు.

జూలై 11

అమ్మను కళ్ళ డాక్టరుకు చూపించాలన్నాను. బావగారు కాసేపు నా ముఖంలోకి చూసి, "తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళు" అన్నారు. డాక్టరు దగ్గర చీటీ తీసుకుని, అమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, మా ఆయన్ను మందుల షాపుకు పంపి, వెనక గుమ్మంలోంచి బయటపడ్డాను. ఈ వయసులో ఈ దొంగ వేషాలు! చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు కోసం పరిగెత్తాను.

మేస్త్రీ అప్పుడే కిందికి దిగాడు. నన్ను చూసి సంబరపడ్డాడు. కూర్చోమని రంగు డబ్బా బోర్లించాడు. నిలబడే చెప్పాను. లావు కట్టలు, లోపలి కాస్టిక్, ఆరున్నర, రెండు ముప్పావు, అంతా. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "నెల రోజుల్నుంచి దీని మీదే ఉన్నా చెల్లెమ్మా. బంగారం లాంటి తాడు."

"అది పైకే బంగారం. దించేయండి అన్నయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"సరే, చూద్దాం పద."

పలకను నడుం ఎత్తులో వేలాడదీశారు. నేనే ఎక్కి కూర్చున్నాను. తెగలేదు. ఒక కుర్రాణ్ణి పక్కన కూర్చోమన్నాను. తెగలేదు. మూడో మనిషి ఎక్కాడు, మేస్త్రీ తాడుకు వేలాడాడు కూడా. కిర్రుమంది తప్ప తెగలేదు. నలుగురం కలిసి గాల్లో ఊగుతున్నాం. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. నేను దేవుణ్ణి ప్రార్థించాను, తెగమని. మా నడుములు విరిగినా సరే, ఇప్పుడే, ఈ రెండడుగుల ఎత్తులోనే తెగమని.

మేస్త్రీ నన్ను చెయ్యి పట్టి దింపాడు. "చూశావా? నీకు ఒంట్లో బాగోలేదని మీ బావగారు ఫోన్లో చెప్పారు. నేనే నమ్మలేదు. ఇంటికెళ్ళి పడుకో తల్లీ."

నలుగుర్ని ఒక్కసారి మోసినంత మాత్రాన రేపు మోస్తుందని కాదు. ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

జూలై 12

తాడు మీద ఆయనకున్న నమ్మకాన్ని రెట్టింపు చేసి వచ్చాను. తాడు తయారుచేసినావిడే ఎక్కి ఊగిందని ఇప్పుడు అందరికీ చెబుతూ ఉంటాడు. భేష్. ఇంతకంటే ఘనకార్యం ఎవరు చెయ్యగలరు?

మా ఆయన మాట్లాడటం లేదు. గది బయట గొళ్ళెం పెట్టారు. పెట్టేముందు, "నీ మంచికే" అన్నారు.

జూలై 13

గొళ్ళెం.

జూలై 14

భోజనం తెచ్చిన అమ్మ వెళ్ళలేదు. మంచం మీద కూర్చుని నా ముఖం తడిమింది.

"ఎందుకే ఇలా కృశించిపోతున్నావు? ఆ నార సంగతేనా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఆ రోజే చెప్పానుగా, సబ్బులా జారుతోందని. నూనె చేతులన్నావు. నూనెకీ సబ్బుకీ నాకు తేడా తెలీదా? కళ్ళే పోయాయి గానీ వేళ్ళు పోలేదు."

అప్పుడు అంతా చెప్పాను. నీ గది కోసమే నోరు మూసుకున్నానమ్మా అని కూడా చెప్పాను. ఆ మాటకు నన్ను దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా పేరు పెట్టుకున్నావా? పై నుంచి మనిషి పడితే అది నా కోసమా? నన్నొక్కమాట అడిగావటే?"

"అమ్మా..."

"భయపడ్డావు. భయపడ్డానని చెప్పు, తప్పులేదు. నా మీదకి తోస్తే మాత్రం ఊరుకోను."

భయపడ్డాను. తప్పు నాదని నలుగురికీ తెలుస్తుందని భయపడ్డాను. బావగారు నవ్వుతారని. సంతకం చెల్లదని. ఇంత చిన్న భయం కోసం ఇన్ని రోజులు! ఛీ.

అమ్మ వెళ్తూ గొళ్ళెం వెయ్యలేదు. కనిపించలేదట.

జూలై 15

పొద్దున్నుంచి కుండపోత. వానొస్తే రంగు పని ఉండదు. అంటే పలకలు దించి, తాళ్ళు చుట్టి కింది గదిలో పెడతారు. అది తట్టగానే లేచాను. బోదెలు కోసే కొడవలిని గోనెసంచిలో చుట్టాను. అమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వెందుకమ్మా, వానలో?" అంటే, "ఇక్కడుండి మాత్రం ఏం చేస్తా, నువ్వు చేసొచ్చే పనికి నన్నిక్కడ ఉండనిస్తారా?" అంది. గేటు కాపలా అతనికి కళ్ళ డాక్టరు అని చెప్పాను. ఈసారి నేను తల దించుకోలేదు.

బిల్డింగు వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. మొన్న ఊగిన మేడం కదా అని నవ్వి పంపించాడు. పనివాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు. కింది గదిలో నాలుగు తాళ్ళూ చుట్టలు చుట్టి పెట్టి ఉన్నాయి. చుట్టను ఒక చోట అడ్డంగా కోస్తే తాడు మొత్తం ముక్కలైపోతుంది. అతకడానికి కూడా పనికిరాదు.

అమ్మ చుట్టను కాళ్ళతో అదిమిపట్టింది. నేను కోశాను.

నా నార అంత తేలిగ్గా తెగుతుందా! పైపొర ఎంత గట్టిగా ఉందో! చేతులు బొబ్బలెక్కాయి. మొదటిది, రెండోది. మూడో చుట్ట సగంలో ఉండగా మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో టీ గ్లాసు. ఒక్క క్షణం ఆయనకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. తర్వాత ఆ గ్లాసు నా పక్కన గోడకు తగిలి పగిలింది.

"ఆపవే! నీకేమైనా పిచ్చా!"

ఆపలేదు. నా భుజం పట్టి లాగాడు. అమ్మ అడ్డం వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుంది. ముసలావిణ్ణి తోసేయలేక ఆయన, వదలక అమ్మ. ఆ పెనుగులాటలో మూడోది పూర్తిచేసి నాలుగోది కూడా కోసేశాను. మధ్యలో ఒకసారి ఏడ్చానో అరిచానో గుర్తులేదు.

కోసిన చోట చూశాను. మామూలుగానే ఉంది. మచ్చ లేదు, రంగు మారలేదు. మేస్త్రీ కూడా ఒక ముక్క తీసి చూశాడు, లాగాడు. తెగలేదు. నా ముఖం మీదకు విసిరాడు. "మా నలుగురి పొట్ట మీద కొట్టావు. ఇందులో ఏముంది? ఏముందో చూపించు!"

చూపించలేకపోయాను. ఈ తాళ్ళు తెగేవో లేదో ఇక ఎవరికీ తెలియదు. నాకు కూడా.

జూలై 17

బట్టలు కుట్టే ఆవిడ ఇంటి మేడ మీద గది, మొన్న అటునుంచి అటే ఇక్కడికి వచ్చేశాం. అమ్మకు పాత స్నేహితురాలు. మా ఆయన నా బట్టలసంచి తెచ్చి మెట్ల మీద పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయారు. సంచి అడుగున, చీరల మధ్య ఈ పుస్తకం ఉంది. అంటే వంగారన్నమాట. పదిహేనో తేదీన జరిగింది కూడా ఇవాళే రాశాను.

చదివారా? తెలియదు. చదివి ఉంటే బాగుండును.

జూలై 20

నాకు పిచ్చి ముదిరిందని బావగారు ఊరంతా చెబుతున్నారట. అమ్మకు కూడానట. అమ్మ చాలా సరదాపడింది.

జూలై 24

ఎండ కాసింది. ఈ రోజు అమ్మను తీసుకుని ఆ బిల్డింగు వైపు వెళ్ళాను. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. రోడ్డుకు ఇవతల నిలబడి తల ఎత్తాను.

ఆరో అంతస్తు దగ్గర పలక. నీలం నైలాన్ తాడు. మేస్త్రీ బ్రష్షు ముంచుతూ కిందికి చూశాడు. నన్ను పోల్చుకున్నాడు. అక్కడి నుంచే మొదలుపెట్టాడు. నా చదువును, నా పుట్టుకను, నా చేతులను, నాకు కొడవలి ఇచ్చినవాణ్ణి, దేన్నీ వదల్లేదు. రోడ్డు మీద మనుషులు ఆగి పైకీ నా వైపూ చూస్తున్నారు.

"ఎవరే ఆ అరుపులు?" అంది అమ్మ.

"ఆయనే."

"ఏమంటున్నాడు?"

"తిడుతున్నాడమ్మా."

అమ్మ చెవి అటు పెట్టి కాసేపు వింది. "గొంతు గట్టిదే" అంది.

మేం కదల్లేదు. మధ్యలో ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. మళ్ళీ అందుకునేదాకా అక్కడే నిలబడ్డాం.